కొత్త బ్యాడ్జీలు

మా యాంటెన్నాల కంపెనీని పెద్ద టెలికాం కంపెనీ కొనేసిన మర్నాడు, వాళ్ల తరఫున ఒకావిడ వచ్చి అందరికీ కొత్త బ్యాడ్జీలు పంచింది.

"ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు," అంది. ఆ గొంతు వింటే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. టెస్టింగ్ గదంతా చప్పట్లు. నేను మాత్రం ఆవిడ వెనకే బయటికి నడిచాను.

లిఫ్ట్ దగ్గర ఆపి అడిగాను. "మేడమ్, మీరు మొదట్నుంచీ ఆ కంపెనీలోనేనా?"

"కాదండీ. మాది కేబుళ్ల కంపెనీ. మమ్మల్నీ ఇలాగే కొన్నారు."

"మరి మీవాళ్లంతా?"

ఆవిడ లిఫ్ట్ బటన్ మళ్లీ నొక్కింది. "నన్నొక్కదాన్నే ఉంచారు. నా మాట మావాళ్లు నమ్మేవారు కదా, అందుకని."

తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ లోపలికెళ్లి నావైపు తిరిగింది.

"వచ్చే నెల ఇంకో కంపెనీ కొంటున్నారు. ఇక్కడ అందరూ ఎవరి మాట నమ్ముతారని వాకబు చేశాను. మీ పేరే చెప్పారు."