సంగిలి తీర్పు

శుక్రవారం సాయంత్రం ఆరింటికి సంగిలి తీర్పు వస్తుంది. అక్కచెల్లెళ్లలో ఒకరి మొహం వెలుగుతుంది, ఒకరి మొహం మాడుతుంది.

సంగిలి అసలు పేరో మారుపేరో, ఏ ఊరో, ఎవరికీ తెలియదు. ఇళ్లలో కూర్చుని ఒక్కొక్కరే తయారుచేసే వీడియో ఆటల మీద, అందులోనూ పాతకాలపు గళ్లగళ్ల బొమ్మల ఆటల మీద, నాలుగేళ్లుగా ఇంటర్నెట్‌లో తమిళంలో విమర్శలు రాస్తూ కనిపించే పేరు అది. మొహమాటం లేని రాత. నెలకు ఒక్క ఆటనే ఎంచి, ‘ఇది ఆడండి’ అంటుంది ఆ పేజీ. ఆ ఒక్కదాన్నీ వేలమంది కొంటారు. మిగతావి మూలన పడతాయి.

ఈ నెల అందరి నోళ్లలో ఉన్నవి రెండు ఆటలు. ఒకటి కోవిల్‌పట్టి సత్యప్రియది. రెండోది విరుదునగర్‌లో ఉన్న ఆమె పెద్దమ్మ కూతురు యువరాణిది.

సత్యప్రియ పగలంతా అగ్గిపెట్టెల మీది బొమ్మలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తూ, మూడేళ్లు కష్టపడి ఆట చేసింది. అరవై మెట్లు, బంగారు నాణేలు, చివర తొమ్మిది తలల రాక్షసుడు. యువరాణి ఎనిమిది నెలల్లో ముగించేసింది. ఆ ఆటలో ఏముందంటే, వాన వెలిశాక ఒక ముసలామె నల్లరేగడి చేలో సద్ది పట్టుకుని నడుస్తుంది. అడుగడుగుకీ కాళ్లకు మట్టి అంటుకుని బరువెక్కుతుంది. ఆగి, పుల్లతో గీక్కుని, మళ్లీ నడవాలి. అంతే.

‘ఇంతేనా’ అనుకోవడానికే సత్యప్రియ దాన్ని కొన్నది. తప్పులు పట్టడానికి మూడు సాయంత్రాలు కూర్చుంది. రంగులు నాలుగే అనుకుంది. ఐదోది ఎక్కడ పెట్టాలో వెతికితే చోటు దొరకలేదు. మూడో రోజు ముసలామె గట్టు మీద కూర్చుని మట్టి గీక్కుంటుంటే, సత్యప్రియ చెయ్యి తెలియకుండానే తన పాదం మీదికి పోయింది.

కడుపు మండిపోయింది. కారియాపట్టి అవ్వ ఇంటికి అక్టోబరు సెలవుల్లో ఇద్దరూ కలిసేగా వెళ్లింది, ఆ మట్టిలో ఇద్దరూ కలిసేగా నడిచింది. అది దానికే ఎందుకు గుర్తుండాలి? తనకు మాత్రం తొమ్మిది తలలు ఎందుకు తట్టాలి?

గురువారం యువరాణి ఫోన్ చేసింది.

“ఏమే ప్రియా, నా ఆట ఆడినావా?”

“ఆడినానక్కా. బాగుండాది. ముసలామె కొంచెం మెల్లగా పోతాది.”

“అంత మట్టి అంటుకుంటే పరుగెత్తుతాదా?” యువరాణి నవ్వింది. “నీది సగం ఆడినా. ఆ తలకాయలోడు నన్ను చంపిచంపి పెట్టినాడు. సంగిలికి అట్లాంటివే నచ్చుతాయేమో, నీకే వస్తాది చూడు.”

అక్క మనస్ఫూర్తిగా అంటోందని తెలిసి ఇంకా మండింది.

అమ్మ సుధాలక్ష్మి పక్కనుంచి వింటోంది. “ఆ సంగిలి ఏ ఊరోడే? మామ చేత ఒక మాట చెప్పిద్దాము.”

“ఎవరు చెప్పినా వినే రకం కాదంటమ్మా.”

“మన ఊరి వేరుశెనగ కడలమిఠాయి నాలుగు పెట్టెలు పంపితే ఎట్లాటోడైనా మెత్తబడతాడు.”

సత్యప్రియకు నవ్వు రాలేదు. ఈ ఒక్క నెలకు సంగిలి కళ్లు మూసుకుంటే ఏం పోయింది అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రెస్సులో ఆమె వేసిన షీట్లలో నెమలి ముక్కు మీద ఎరుపు వెంట్రుకవాసి పక్కకు జరిగింది. రెండొందల షీట్లు. అక్కడి పద్ధతి ఒకటుంది. చెడిన షీటును వేసినవాళ్లే తమ చేత్తో చింపాలి.

“విడు పాపా, అగ్గిపెట్టె మీద ముక్కు ఎవడు చూస్తాడు?” అన్నాడు మిషన్ నడిపే ముత్తుపాండి.

సత్యప్రియ చాలాసేపు నెమలిని చూసింది. తర్వాత రెండొందలూ చింపి, తొందరగా ఇంటికి వెళ్లిపోయింది.

ఆరు కొట్టింది. తీర్పు వచ్చింది. కళ్లద్దాలు కనబడటంలేదు, నువ్వే చదవమంది అమ్మ. సత్యప్రియ ఒక్కచోట కూడా తడుముకోకుండా చదివింది.

తన ఆట గురించి ఇలా ఉంది: ‘అరవై మెట్లు ఎక్కించి, పైన ఏమీ చూపించని ఆట. కోటలూ నాణేలూ రాక్షసుడూ, అన్నీ ఇంకెవరో చిన్నప్పుడు ఆడిన ఆటల్లోంచి ఎత్తుకొచ్చినవే. చేసినామెకు పనితనం ఉంది. చెప్పడానికి తనదంటూ ఏదీ దొరకలేదు.’

యువరాణి ఆట గురించి: ‘ఈ నెల ఆడవలసింది ఇదే. ఆడాక మీ కాళ్లు మీరు చూసుకుంటారు.’

“వాడి చెయ్యి పడిపోను,” అంది అమ్మ. “మూడేళ్లు కళ్లు పోగొట్టుకున్న పిల్లనా ఇట్లా అనేది?”

“రాసినదాంట్లో అబద్ధమేముండాదమ్మా?”

“యువరాణే వాణ్ని పట్టుకుని రాయించుంటాది. వాళ్లమ్మ పోలికలు యాడికి పోతాయి?”

“అక్కను అనొద్దు.”

అంతలో ఆ అక్కే ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. “ప్రియా, చూసినావా? నాకు చేతులాడలేదే. కానీ నీ ఆటను అట్లా అనుండకూడదు. వాడికి మనసే లేదు.”

“నీదే బాగుండాదక్కా.”

“వాడికి ఒక మెయిల్ పెడదామని ఉండాది. చదువుతాడంటావా?”

“పెట్టు. చదవకుండా యాడికి పోతారు?”

ఫోన్ పెట్టేసి ముఖం కడుక్కుంది. అమ్మ అన్నానికి పిలిస్తే తర్వాత తింటానంది.

సత్యప్రియ గదిలోకి పోయి తలుపు వేసుకుని, లాప్‌టాప్ తెరిచి, ‘సంగిలి గారికి’ అంటూ అక్క పంపిన ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుని, జవాబు రాసి, కింద ‘సంగిలి’ అని సంతకం పెట్టింది.