పుట్టని తమ్ముడు

పాన్‌డీ ఫోటోల ప్రదర్శన మొదలైన మూడో రోజు ఆమె తండ్రి చెప్పాపెట్టకుండా ఊరి నుంచి వచ్చేశాడు.

ఆయన్ని గ్యాలరీ గుమ్మంలో చూడగానే ఆమె పరుగున అడ్డం వెళ్లింది. లోపల గోడల మీద ఉన్నవన్నీ ఆయన కంట పడకూడదనుకున్న ఫోటోలే.

పాన్‌డీ అంటే చైనా భాషలో తమ్ముడి కోసం ఎదురుచూపు. కన్నవాళ్లు ఆశపడి పెట్టిన పేరు. తమ్ముడు పుట్టలేదు. ముప్పై మూడో ఏట, ఆ పుట్టని తమ్ముడి వేషం పాన్‌డీయే కట్టింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మెడలో ఎర్ర రుమాలుతో బడిపిల్లాడిగా, సైకిల్ మీద కాలేజీ కుర్రాడిగా, సూటు తొడిగిన పెద్దమనిషిగా తన ఫోటోలు తానే తీసుకుంది. వాడికి షూగెన్ అని పేరు పెట్టింది. పుట్టినరోజు కూడా ఇచ్చింది.

చివరి గదిలో వీడియో. కొత్త సంవత్సరం విందులో షూగెన్ పెద్దకుర్చీలో కూర్చుని, ఇంటి పెద్దకే వడ్డించే చేప తల తింటుంటాడు. అక్క వెనకాల నిలబడి వడ్డిస్తుంటుంది. ఇద్దరూ ఆమే.

నాన్‌చాంగ్ పత్రికలు తెగ మెచ్చుకున్నాయి. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన తండ్రి నేరుగా ఆ చివరి గదిలోకి నడిచాడు. వీడియో మూడుసార్లు చూశాడు. తిట్లకు సిద్ధపడి ఆమె వెనకే నిలబడింది.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"వీడు పుట్టింది ఎప్పుడన్నావు?"

"తొంభై నాలుగు, మార్చిలో."

"షూగెన్. ఏ అక్షరాలతో రాశావమ్మా?"

చైనా లిపిలో ఒకే పేరును ఎన్నో రకాలుగా రాయొచ్చు; ఆమె ఆయన అరచేతిలో వేలితో రాసి చూపించింది. కాలేజీలో ఏం చదువుతున్నావని కూడా అడగని మనిషి, ఇవాళ తన పని గురించి ఇంత వివరంగా అడుగుతున్నాడు.

వెళ్లబోతూ, సూటు ఫోటో ఒకటి ఇంటికి పట్టుకెళ్లవచ్చా అని మొహమాటంగా అడిగాడు. దాన్ని షాంఘై ఆసామి ఒకాయన కొంటానని బేరం పెట్టి ఉన్నాడు. పాన్‌డీ గోడ మీది నుంచి దించి, తనే కాగితం చుట్టి తండ్రి చేతిలో పెట్టింది.

"చాలా కష్టపడ్డావు," అన్నాడాయన బస్సెక్కుతూ.

ఈ సంగతి స్నేహితురాలు కేయున్‌కు ఫోన్ చేసి చెబుతుంటే పాన్‌డీకి ఏడుపాగలేదు. కేయున్ కూడా వీడియోలు తీస్తుంది. వాళ్లమ్మ ఇప్పటికీ ఇరుగుపొరుగుకు కూతురు బ్యాంకులో పనిచేస్తోందనే చెబుతుంది.

"మీ నాన్నని నాకో నెల అద్దెకివ్వవే," అంది కేయున్.

వసంతం వచ్చింది. తండ్రే ఫోన్ చేశాడు. తమ యెన్ ఇంటిపేరు వారి వంశావళిని మళ్లీ అచ్చువేస్తున్నారట. ఈసారి ఆడపిల్లల పేర్లు కూడా చేర్చవచ్చని పెద్దలు ఒప్పుకున్నారట.

"నువ్విచ్చిన ఫోటోని రంగుల్లో వేస్తున్నారు. చింగ్‌మింగ్ పండక్కి తప్పకుండా రా," అన్నాడు.

చనిపోయిన పెద్దల్ని కొలిచే ఆ పండక్కి పాన్‌డీ కెమెరా సర్దుకుని వెళ్లింది. వంశమందిరం ముందు టపాకాయలు పేలుతున్నాయి. పొడుగాటి బల్లల చుట్టూ చుట్టాలంతా కూర్చున్నారు. చిన్నాన్నలు ఆమె తండ్రి వీపు తట్టి అభినందిస్తున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

ఎర్ర అట్ట పుస్తకంలో పేజీ తనే తీసి కూతురి ముందు పెట్టాడు.

ఆయన పేరు కింద సూటు ఫోటో, దాని కింద నల్లటి అక్షరాల్లో ఒకే ఒక్క వరుస ఉన్నాయి: "యెన్ షూగెన్, జననం మార్చి 1994, ఏకైక సంతానం."