కదలని చుక్క

తోకచుక్క మళ్ళీ గాజులోంచి జారిపోయింది.

వజ్రకరూరు బయటి మిట్టమీద బడిపంతులు శ్రీరంగప్ప అయివారు దుర్భిణి కింది ఇరుసును మూడోసారి సరిచేశాడు. అది ధ్రువనక్షత్రం వైపు సూటిగా నిలిస్తేనే దుర్భిణి ఆకాశంతోపాటు తిరుగుతుంది. లేకుంటే ఫోటోలో తోకచుక్కకు బదులు అలుక్కుపోయిన మరక పడుతుంది.

మిగిలింది ఒకటే ఫోటో పలక. మద్రాసు నుంచి బతిమాలి తెచ్చుకున్న దుర్భిణి తెల్లారి రైలుకు వెళ్ళిపోవాలి.

ఉత్తరాన దుమ్ము. ధ్రువనక్షత్రం కనబడక దిక్సూచి ముల్లునే నమ్ముకుని నేలమీద గీత గీసుకున్నాడు.

"ఉత్తరం ఆడ కాదు అయివారూ."

దారిన పోతున్న ముసలాయన. గళ్ళ లుంగీ, భుజాన తాడు చుట్ట.

"ముల్లు చెప్తాంటే నువ్వు కాదంటావేమప్పా?"

"ఈడి రాళ్ళల్లో ఇనుముండాది. వజ్రాలెతికే సర్కారోళ్ళ ముల్లు గూడా ఈడ తిక్కతిక్కగా తిరుగుతాది."

"ఏం సదివినావు తాతా?"

"ఏమీ లేదు. తప్పు గీత చూసి పోబుద్ధి కాలేదు."

శ్రీరంగప్పకు ఒళ్ళు మండింది. "అయితే నువ్వే గీయి!"

ముసలాయన కొండమీది గుండుకు జానెడు ఎడంగా చూపు నిలిపాడు.

"కదలని చుక్క ఆ దుమ్మెనకాల ఉండాది. నలభై ఏండ్లుగా చూస్తాండా."

తాడు బిగలాగి, దాని వెంబడి మడమతో నేలమీద గీత గీశాడు.

వేరే దారిలేక శ్రీరంగప్ప ఇరుసును ఆ గీతకు తిప్పి, తోకచుక్కను మళ్ళీ గాజులోకి తెచ్చి కన్ను ఆనించాడు.

చుక్క కదల్లేదు. పది నిమిషాలకూ కదల్లేదు.

"పెద్దాయనా, రాండి! మీరూ ఒకసారి చూడండి!"

ముసలాయన అప్పటికే మిట్ట దిగిపోయాడు.

తెల్లవారేసరికి పలకమీద తోకచుక్క వెంట్రుక వెంట్రుకగా తేలింది. రైలుకు ఇంకా గంటుంది. శ్రీరంగప్ప తడి ఆరని పలకతోనే ఊళ్ళోకి పరిగెత్తాడు.

బావి దగ్గర కదిరమ్మ నీళ్ళు చేదుతోంది.

"తాడు చుట్టేసుకోని తిరిగే ఆయప్పా? దాదా ఖలందరు. గోరీలు తవ్వుతాడు. తల ఉత్తరానికి పెట్టాల గదా, రవ్వంత వంకర పోనీడు."

"ఇప్పుడు యాడుంటాడు?"

"గోరీల కాడే. రాత్రంతా తవ్వినాడు."

"ఎవరు పోయినారు?"

కదిరమ్మ చేద దించింది.

"ఆయన ఇంటామె, మేరాజ్ బీ. నిన్న పొద్దుగూకే యాళకు పానం పోయింది అయివారూ. ఆయమ్మ గోరీకి గీత గీయను పోతానే, మీ కాడ నిలబడినట్టుండాడు."