అట్లాసుల మధ్య పక్షుల పుస్తకం

లైబ్రరీ మేడమ్ ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చేసరికే దర్జీ వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడంటే, ఏదో కుర్చీ అంచున. పక్కన ఎనిమిదో తరగతి చదివే కూతురు తల దించుకుని నిలబడింది. బల్ల మీద ఆ పిల్ల టీసీ సిద్ధంగా ఉంది. ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే తరువాయి. అది పడితే పిల్ల దొంగ అన్న పేరుతో బడి వదిలిపోవాలి.

"సార్, ఒక్క నిమిషం ఆగండి," అంటూ మేడమ్ చంకలోని పెద్ద పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

రంగురంగుల బొమ్మలతో పక్షుల పుస్తకం. బడికి ఎవరో దాత ఇచ్చింది. ఇంటికివ్వరు, లైబ్రరీలోనే కూర్చుని చూడాలి. అది మాయమైనప్పుడు "ఆఖరున ఎవరు చూశారు?" అని అడిగితే, మేడమ్ ఉన్నదున్నట్టు దర్జీ కూతురని చెప్పింది. చూసిందనే అంది పాపం, తీసిందని అనలేదు. స్టాఫ్ రూమ్ దాటేసరికి చూసింది కాస్తా తీసింది అయి కూర్చుంది.

"ఎక్కడుంది ఇది?" అన్నాడు ప్రిన్సిపాల్.

మేడమ్ పుస్తకం అట్టనే చూస్తూ చెప్పింది.

"అట్లాసుల అరలో సార్. సైజు పెద్దది కదా, వాటి మధ్య నేనే పెట్టేశాను. పొరపాటు నాది. ఈ పిల్ల తప్పేం లేదు."

ఆ గదిలోనే ఓ మూల టీ తాగుతున్న లెక్కల మాస్టారు పగలబడి నవ్వాడు. "మీకున్నదే ఆ ఒక్క పని మేడమ్! పుస్తకం తియ్యడం, పుస్తకం పెట్టడం. అది కూడానా?"

ఈ మాస్టారే, సెలవు కావాలంటే తిన్నగా లైబ్రరీకొస్తాడు. "మీరు ఖాళీయే కదా, నా క్లాసు కాస్త చూసుకోండి," అంటాడు. ఆయనొక్కడేనా! జ్వరమొచ్చిన పిల్లలూ, విరిగిన కుర్చీలూ, ఆటల కప్పులకి రిబ్బన్లు కట్టడాలూ, అన్నీ లైబ్రరీకే. మేడమ్ ఏనాడూ మొహం చిట్లించలేదు. "అలాగే సార్" అనేది, చేసిపెట్టేది. ఒక్క పుస్తకాల దగ్గర మాత్రం మహా పట్టింపు. తప్పు అరలో పెట్టిన పుస్తకం పారేసినట్టే అని పిల్లల్ని చెవినిల్లు కట్టుకుని పోరేది. అలాంటి మనిషి నోట ఈ మాట!

మామూలు రోజైతే మాస్టారి వెటకారానికి ఒళ్లు మండేది. ఇవాళ మండలేదు. దర్జీ వైపు చూడ్డానికే ఆమెకి మొహం చెల్లడం లేదు.

"మొన్న అరలన్నీ వెతికామన్నారే?" అన్నాడు ప్రిన్సిపాల్.

"అట్లాసులు ఎవరూ దించలేదు సార్, బరువని."

ప్రిన్సిపాల్ టీసీ అందుకున్నాడు. అడ్డంగా చింపేశాడు.

"తప్పు నాదని వచ్చి ఒప్పుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ!" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మధ్యాహ్నం పిల్లలందర్నీ మైదానంలో కూర్చోబెట్టి అదే మాట మైకులో చెప్పాడు. మేడమ్‌ని స్టేజి మీదకి పిలిచాడు. ఇన్నేళ్లలో ఆమె స్టేజి ఎక్కింది కుర్చీలు సర్దడానికే. బడంతా చప్పట్లు కొట్టింది, లెక్కల మాస్టారితో సహా. ఒక్కో చప్పుడూ చెంప మీద పడ్డట్టు అనిపించింది ఆమెకి.

స్టేజి దిగగానే దర్జీ ఎదురొచ్చాడు.

"మీ మేలు మర్చిపోలేనమ్మా. మీ పాపకి గౌను నేనే కుట్టిపెడతాను. కాదనకండి."

"వద్దండీ, దయచేసి వద్దు," అంది మేడమ్. మొహమాటం అనుకున్నాడు దర్జీ.

ఆయన కూతురు మెల్లగా దగ్గరికొచ్చింది. "ఇన్నాళ్లూ నా పక్కన ఎవరూ కూర్చోలేదు మేడమ్. రేపట్నుంచి కూర్చుంటారు కదా?"

మేడమ్‌కి కళ్లనీళ్లు ఆగలేదు. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించు తల్లీ."

"అయ్యో, పొరపాట్లు అందరికీ అవుతాయి మేడమ్," అని పిల్లే ఆమెని ఓదార్చింది.

బడి వదిలాక గేటు దగ్గర మేడమ్ కూతురు ఎదురుచూస్తోంది. అదీ ఎనిమిదే, వేరే సెక్షను. తల్లీ కూతుళ్లు రోజూ కలిసే ఇంటికి వెళతారు.

"ఎంతసేపమ్మా! కాళ్లు పీకుతున్నాయి. పద."

"ఆగు. నీతో మాట్లాడాలి."

"ఏంటి?"

చెబుదామని నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని, కూతురి సంచీ తన భుజానికి తగిలించుకుంది. పుస్తకం తనకి దొరికింది అట్లాసుల అరలో కాదు, నిన్న సాయంత్రం దుప్పటి మారుస్తుంటే ఈ పిల్ల పరుపు కింద.