తొమ్మిదో నంబరు కాలు

కాగితం మీద రెండు పాదాలు గీసి ఉన్నాయి. ఒకటి భార్యది. చిటికెన వేలు పక్కకి తిరిగి ఉంటుంది, చూడగానే గుర్తుపట్టాడు. రెండోది మగకాలు. చేటంత ఉంది.

కింద ఆవిడ చేతిరాత: "ఈ కొలతలకి బూట్లు తెండి. ఎవరివో చెప్పక్కర్లేదుగా!"

చెప్పక్కర్లేదట! అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

అతను పరాయి దేశంలో ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తాడు. వాడిన చొక్కా మడతపెట్టి ఇచ్చినా కొత్తదనుకుని గుండుసూదుల కోసం వెతుకుతారని, అందరూ అతన్ని 'మడత' అని పిలుస్తారు. వారంలో ఇంటికి ప్రయాణం. ఆ కాగితం తెచ్చింది అతని గదిలోనే ఉండే వంటాయన. సెలవుకి వెళ్ళి ముందు రోజే తిరిగొచ్చాడు.

"చెల్లెమ్మే బస్టాండుకి వచ్చి ఇచ్చింది బావా. ఒకటే వాన. పక్కన ఓ పొడుగాటి మనిషి గొడుగు పట్టాడు," అన్నాడు వంటాయన.

"ఎవరు?"

"మొహం ఎక్కడ కనబడింది? గొడుగంతా ఆవిడ మీదే పెట్టి తను తడిసి ముద్దయ్యాడు, పాపం."

పాపమట, పాపం! మడతకి ఆ పూట అన్నం సయించలేదు.

ఇంకెవరై ఉంటారు? మేడమీద గదిలో అద్దెకి దిగిన డ్రాయింగు మాస్టారే. పెళ్ళి కాలేదట. 'మాస్టారు ఫ్యూజు వేశారు, మాస్టారు పంపు బాగుచేశారు' అని ఆవిడే ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. పాదం అంత చక్కగా గీయడం కూడా డ్రాయింగు మాస్టారికి కాక ఇంకెవరికొస్తుంది? అడిగితే పరువు పోతుంది. అడక్కపోతే ప్రాణం పోయేలా ఉంది.

సోమవారం సెలవు కాగితం మీద మేనేజరు సంతకం. మంగళవారం తన బదులు వచ్చిన కొత్తాయనకి పని నేర్పడం. "కాలరు చూస్తే చాలు, మనిషి కొలత మొత్తం చెప్పెయ్యాలి," అని పాఠం చెబుతూనే, గొడుగు గుర్తొచ్చి ఎవరిదో తెల్లచొక్కా వీపున ఇస్త్రీపెట్టె అలాగే వదిలేశాడు. పొగ వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క చొక్కా కాల్చి ఎరగడు.

బుడ్డోడి బూట్లు మాత్రం ఎప్పుడో కొనేశాడు. ఇల్లు వదిలిన రోజు పొద్దున్నే, కొడుకు నిద్రలో ఉండగా పాదం గీసుకుని తెచ్చుకున్నాడు. అది అల్మారా తలుపు లోపల అతికించి ఉంది. రోజూ దాని మీద అరచెయ్యి ఆనించి గానీ డ్యూటీకి కదలడు. కాగితం పచ్చబడింది, అంచులు చిరిగాయి. ఈపాటికి పెరిగుంటాడులే అని రెండు నంబర్లు పెద్దవే తీసుకున్నాడు. నడిస్తే ఎర్రలైట్లు వెలిగే బూట్లు.

వాడి గొంతు విందామంటే కుదరదు. మొదటిసారి సెలవు రద్దయినప్పుడే, నాన్న వచ్చేదాకా ఫోన్లో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాడు. మొండిఘటం. తండ్రి పోలికే. చూద్దామంటే ఇంట్లో ఉన్నది పాత బటన్ల ఫోను. ఫోటోలొచ్చే ఫోను ఇప్పుడు ఆవిడ కోసం పెట్టెలో సర్దిపెట్టాడు. సర్దినందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

బుధవారం ఇంటికి ఫోన్ చేశాడు.

"బూట్లు కొన్నారా?" మొదటి మాటే అది.

"ఇంకా లేదు."

"బిగుతువి తెచ్చేరు! నడక ఎక్కువ, పాపం, పుండ్లు పడతాయి."

"అబ్బో, ఎంత బెంగో!"

"నాకు కాక ఎవరికుంటుందండీ?"

 అతను మాట మార్చాడు. "బుడ్డోడు?"

"ఇంకా ఒట్టు మీదే ఉన్నాడు."

అంతలో వెనకనుంచి ఒక మగ గొంతు. "అన్నం పెట్టు, ఆకలేస్తోంది!"

"ఉండు, వస్తున్నా," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

పెట్టండి కాదు, పెట్టు! ఉండండి కాదు, ఉండు! వ్యవహారం అంతదాకా వచ్చిందన్నమాట.

"నేను వెళ్ళను. టిక్కెట్టు రద్దు చేసుకుంటాను," అన్నాడు వంటాయనతో.

"చేసుకుని? ఇస్త్రీపెట్టెని కౌగిలించుకుని పడుకుంటావా? వెళ్ళి మొహామొహీ తేల్చుకో బావా."

ఆ మాటా నిజమే. సాయంత్రం బూట్ల షాపుకి వెళ్ళి కాగితం బల్ల మీద పరిచాడు. షాపువాడు కొలిచి, తొమ్మిదో నంబరన్నాడు. మడతది ఏడు.

"ఎనిమిది ఇవ్వు."

"బిగుతైపోతాయి. కరుస్తాయి," అన్నాడు షాపువాడు.

"కరవాలి. అడుగడుక్కీ కరవాలి."

ఈ వారంలో మొదటిసారి అతనికి నవ్వొచ్చింది. ఇంటికెళ్ళాక ఆ మాస్టారుగాడి చేత తన ఎదురుగానే తొడిగిస్తాడు. కుంటుతూ మెట్లెక్కుతుంటే చూస్తాడు. ఆ తర్వాతే తక్కిన లెక్క తేల్చుకుంటాడు. పెట్టె తూకం వేశాడు, తాళం వేశాడు, తాడు బిగించాడు. బుడ్డోడి బూట్లు మాత్రం పెట్టెలో నలిగిపోతాయని చేతిసంచిలో పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం విమానాశ్రయం బస్సు వచ్చేసింది. బయల్దేరుతున్నానని చెబుదామని ఇంటికి ఫోన్ చేశాడు.

"హలో," అంది మగ గొంతు. అదే గొంతు.

వారం నుంచి దిగమింగినదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది. "ఎవడ్రా నువ్వు? నా ఇంట్లో, నా ఫోనెత్తడానికి ఎవడ్రా నువ్వు?"

వంటాయన పెట్టె బస్సులోకి ఎక్కిస్తూ తొందరపెడుతున్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను నాన్నా, నేను బుడ్డోణ్ణి," అంది ఆ మగ గొంతు.