గాలి పిస్తోలు ఒక్కటే

ఆమెకు అన్నిటికంటే భయం చప్పుడంటే. ఉద్యోగం దొరికిందేమో తుపాకులు పేల్చే చోట.

నాలుగు గోడల మధ్య గురి నేర్చుకునే హాలు అది. ఎవరు ఏ తుపాకీ తెచ్చినా ముందు ఆమె బల్ల మీద పెట్టాలి. ఏది లోపలికి వెళ్ళాలో, ఏది వచ్చిన దారినే పోవాలో చెప్పేది ఆమే. చేరి నెలయింది. పని చూసి ఉంచుకుంటామన్న గడువు ఈరోజుతో సరి.

రోజూ నాలుగింటికొచ్చే యజమాని ఈరోజు రెండింటికే వచ్చాడు. పలకరించకుండా తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మీసాలాయన వేట తుపాకీ తెచ్చాడు.

"ఇది కుదరదు బాబాయిగారూ. వెనక గోడ ఆగదు."

"పోయిన నెలదాకా ఆగిన గోడేగా?"

"అందుకే పగిలింది."

ఆయన వెళ్ళలేదు. బెంచీ మీద కూర్చుని మీసం నములుతున్నాడు.

తర్వాత రిటైరైన మాస్టారు. చేతిలో తాతల నాటి, మందు కూరి పేల్చే తుపాకీ.

"పొగొస్తుంది మాస్టారూ, లోపల గాలాడదు."

"నా సిగరెట్టంత పొగ కూడా రాదమ్మా."

"సిగరెట్టూ కుదరదండీ."

ఆ తర్వాత ఒక కాంట్రాక్టరు తెచ్చిన తూటాలకు ఆమె అయస్కాంతం ఆనించి చూసింది. టక్కున అతుక్కున్నాయి. లోపల ఉక్కు ఉన్నట్టే. అవి గోడకు తగిలి కాల్చినవాడి మీదికే తిరిగొస్తాయి. ఆమె తల అడ్డంగా ఊపింది.

పోటీలకు తయారవుతున్న కాలేజీ పిల్ల చిన్న రైఫిల్ పెట్టింది. "ఇది కాల్చొచ్చని మీ బోర్డు మీదే రాసుంది కదక్కా?"

ఆమె బోర్డు చూసింది. నిజంగానే రాసుంది.

"రైఫిళ్ళు కాల్చే వరస ఇప్పుడు మూసేశాం చెల్లీ. నాలుగు దాటాక రా."

చివరికి లోపలికి వెళ్ళింది ఒక్క గాలి పిస్తోలు. పేలితే పిల్లి తుమ్మినట్టుంటుంది.

మీసాలాయనకు ఒళ్ళు మండింది. "ఇది తుపాకుల హాలా, గ్రంథాలయమా? మీ సారు దగ్గరే తేల్చుకుంటా."

వెళ్ళి గది తలుపు దబదబా బాదాడు. ఆమె లేవబోయి ఆగిపోయింది. ఉద్యోగానికి నీళ్ళొదులుకుంది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. యజమాని ముఖం, భుజాన తువ్వాలు కొస మాత్రం కనబడ్డాయి.

"ఆ అమ్మాయి వద్దందంటే వద్దు," అన్నాడు గుసగుసగా. "రేపట్నుంచి కూడా ఆమే ఉంటుంది. మీరు దయచేసి ఆ బూట్లు చప్పుడు కాకుండా వెళ్ళండి."

తలుపు మెల్లగా మూసుకుంది.

ఆమె బల్ల వదిలి కదలడానికి లేదు. అటుగా వెళ్ళేవాళ్ళు కాస్త ఆ తలుపు తీసి, మధ్యాహ్నం తను దొంగచాటుగా ఆ గది సోఫాలో పడుకోబెట్టిన తన తొమ్మిది నెలల పాప యజమాని భుజం మీద ఇంకా నిద్రపోతూనే ఉందో లేదో చూసి చెబుదురూ.