ఒక శాతం ఎక్కువ

"తొంభై ఎనిమిది శాతం సార్! ఈ వ్యాసం మషీన్ రాసిందే, పక్కా," అంటూ గోపీనాథ్ తన ఫోన్‌ను గురునాథం మాస్టారి ముందు పెట్టాడు.

అండమాన్‌లోని మాయాబందర్ తెలుగు సంఘం హాలు నిండిపోయింది. పిల్లల వ్యాసరచన పోటీ ఫలితాలు చెప్పడానికి ఇంకా అరగంటే ఉంది. విషయం, 'మనిషి తెలివి గొప్పదా, యంత్రం తెలివి గొప్పదా?' కాగితాలు దిద్దినది రిటైరైన తెలుగు మాస్టారు గురునాథం. ఆయన మొదటి బహుమతికి ఎంచింది పదో తరగతి చదివే కళ రాసిన వ్యాసం. గెలిచినవాళ్లు వచ్చే నెల పోర్ట్‌బ్లెయిర్‌లో జరిగే పెద్ద పోటీకి మాయాబందర్ తరఫున వెళ్తారు.

సంఘం కార్యదర్శి గోపీనాథ్‌కు జెట్టీ ఆఫీసులో ఉద్యోగం. ఏ కాగితం చూపించినా అది మనిషి రాసిందో యంత్రం రాసిందో చెప్పే యాప్ ఒకటి ఈమధ్యే వేసుకున్నాడు.

"ఒక్క తప్పు లేదు సార్. మన పిల్లలు మాట్లాడేదే సగం హిందీ. ఒత్తులు ఇంత సాఫ్‌గా ఎవరు రాస్తారు? నా కొడుక్కి వాడి పేరు రాయడమే రాదు."

"ఆ అమ్మాయిని పిలు," అన్నాడు గురునాథం.

వాళ్లిద్దరూ ఉన్న పక్కగదిలోకి కళ వచ్చింది. వెనకే తండ్రి అసిరయ్య. తెల్లారకముందే చేపల వేటకు వెళ్లివచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ ముంజేతికి చేప పొలుసు ఒకటి అంటుకునే ఉంది.

"ఏటి బాబూ, నా కూతురు దొంగరాత రాసిందంటన్నారేటి?"

"నేనన్లేదు భయ్యా. మషీన్ అంటోంది."

"అయితే ఆ మిసన్నే రమ్మనండి. నా కూతురు ఎదర నిలబడి సెప్పమనండి."

గురునాథం నవ్వు ఆపుకుని కళను అడిగాడు. "హిందీ మీడియం కదమ్మా నువ్వు? తెలుగు ఎక్కడ నేర్చావు?"

"విశాఖ నుంచి ఓడలో వచ్చే సామాన్లకి తెలుగు పేపర్లు చుట్టి ఉంటాయి సార్. నాన్న ఏరి తెస్తాడు. నానమ్మకి చదివి వినిపిస్తాను. ఆమెకి చదువు రాదు గానీ మాట తప్పు పలికితే పట్టేస్తుంది. తర్వాత చూసి రాసుకుంటాను."

"కొండగాలి అని రాశావు. అదేమిటి?"

"తెల్లవారుజామున నేల మీంచి సముద్రం మీదికి వీచే గాలి సార్. నాన్న అలాగే అంటాడు."

గురునాథం వ్యాసంలోంచి పైకి చదివాడు. "'మా నాన్న ముందు ఫోన్‌లో వాతావరణం చూస్తాడు. తర్వాత వేలు తడిపి గాలిలో పెడతాడు. రెండూ ఒకటే చెబితే పడవ ఎక్కుతాడు. వేరువేరుగా చెబితే ఇంట్లో ఉంటాడు. తెలివంటే ఇదే అనుకుంటాను.' గోపీ, ఇది ఈ పిల్ల రాసిందే."

"మషీన్‌కి ఇవన్నీ తెలుసు సార్. రేపు పోర్ట్‌బ్లెయిర్‌లో కూడా ఇలాగే పరీక్షిస్తే? మన ఊరి ఇజ్జత్ పోతుంది. రెండో కాగితానికి ఇచ్చేద్దాం."

"నేనే రాశాను," అంది కళ. ఏడవలేదు.

గురునాథం ఆ పిల్ల ముఖంలోకి కాసేపు చూశాడు. చెయ్యి లాల్చీ జేబులోకి వెళ్లి ఆగింది. తర్వాత మడత పెట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు. అది ఆయన సభలో చదవడానికి తెచ్చుకున్న ఉపన్యాసం.

"దీన్నీ పరీక్షించు."

"మీదా? ఎందుకు సార్?"

"నలభై ఏళ్లు ఈ ఊళ్లో తెలుగు చెప్పాను. ఇది నా చేతిరాతేనా, కాదా?"

"మీదే సార్. చిన్నప్పుడు మాచేత దిద్దించింది ఈ అక్షరాలే కదా!"

"అయితే ఫోటో తియ్యి."

గోపీనాథ్ తీశాడు. ఫోన్ తెర మీద చక్రం కాసేపు తిరిగి ఆగింది. అతని ముఖం పాలిపోయింది.

"గట్టిగా చదువు."

"మషీన్ రాసింది... తొంభై తొమ్మిది శాతం."

ముందుగా గురునాథమే నవ్వాడు. "విన్నావా అమ్మా? నీకన్నా నాకే ఒక శాతం ఎక్కువ!"

"మేస్టారినే మిసనంటే ఇంక దాని మాటేటి వినీది!" అన్నాడు అసిరయ్య. గోపీనాథ్ లెంపలు వేసుకుని, అందరి ముందే ఆ యాప్ తీసేశాడు.

సభలో కళ తన వ్యాసం తానే చదివింది. కుర్చీలు ఖాళీ ఉన్నా అసిరయ్య కూర్చోలేదు. వెనక గోడ దగ్గర నిటారుగా నిలబడి విన్నాడు. వేలు తడిపే మాట దగ్గర అందరూ వెనక్కి తిరిగి ఆయన్ను చూశారు. ఆయన గడ్డం ఇంకాస్త పైకి లేచింది.

గురునాథం వంతు వచ్చింది. "ఈ పిల్ల చెప్పాక నేను చెప్పేదేమీ లేదు," అని ఆయన కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

ఇంటికి దింపుతూ జీపులో గోపీనాథ్ అన్నాడు. "మిమ్మల్ని పట్టుకుని అంత మాట అంటుందా సార్! నాకే తల కొట్టేసినట్టయింది."

"వదిలెయ్. పిల్ల గెలిచింది కదా," అన్నాడు గురునాథం, జేబులోని కాగితాన్ని ముక్కలుగా చింపుతూ.

ఆయన ఉపన్యాసం విషయంలో మాత్రం ఆ ఫోన్ తప్పు చెప్పలేదు.